కొలత మార్చుకుందాం: అశ్లీల దృశ్యాలు, లైంగిక హింస

(నరసరావుపేటలో చేసిన ఉన్నవ లక్ష్మీనారాయణ స్మారకోపన్యాసం పాఠం)



ఉన్నవ వారి పేరు మీద మాట్లాడేవాళ్ళు ఆయన జీవితం నుంచే విషయాన్ని తీసుకోవాలని నా నమ్మకం. ఆయన, లక్ష్మీబాయమ్మ గారు గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు. 1922లో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. పుల్లరి పోరాట కాలంలో ఆయన పల్నాటి రైతుల పక్షాన నిలబడి జైలుకు వెళ్ళారు. ఆ జైలులో రాసిన ‘మాలపల్లి’ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అంటే స్త్రీల గౌరవం కోసం పనిచేసిన మనిషీ, నిషేధానికి గురైన రచయితా ఒక్కరే. స్త్రీల గౌరవం, నిషేధం ఈ రెండూ ఎదురుపడే విషయం ఒకటి మన కాలంలో ఉంది. మన ఇళ్ళలో ఎవరూ ఎత్తని విషయం అది. ఫోన్లలో జనం చూస్తున్న అశ్లీల దృశ్యాలకూ, ఆడవాళ్ళ మీద, పసిపిల్లల మీద జరుగుతున్న లైంగిక హింసకూ ఉన్న సంబంధం ఏమిటి? ఆ హింసను ఆపడానికి మనం ఏం చెయ్యాలి?

చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కనుక ఈ మాట సభలో ఎత్తడానికి నాకు సంకోచం లేదు. పెద్దవాళ్ళం సిగ్గుపడి వదిలేసిన పాఠాన్ని పిల్లలు ఇంకెక్కడో నేర్చుకుంటున్నారు.

రెండు ఊళ్ళు

2018 మే నెల మొదట్లో మన పల్నాటి దాచేపల్లిలో తొమ్మిదేళ్ళ పాప మీద యాభై దాటిన మనిషి అత్యాచారం చేశాడు. జనం రోడ్ల మీదికి వచ్చారు. నిందితుడు రెండు రోజులకు చెట్టుకు ఉరివేసుకుని కనిపించాడు. పన్నెండేళ్ళలోపు పిల్లల మీద అత్యాచారానికి మరణశిక్ష దాకా వేయవచ్చంటూ కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. అది ఏప్రిల్ 21న వచ్చింది. అంత కఠినమైన శిక్ష పుస్తకంలో ఉండగానే ఈ ఘోరం జరిగింది. నిందితుడు చనిపోవడంతో కోర్టులో విచారణ అన్నదే లేకుండా పోయింది. అప్పుడు మనం మాట్లాడుకున్నదంతా ఉరిశిక్ష గురించే.

2024 జూలైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో ఒక చిన్నారి ఆడుకోవడానికి వెళ్ళి ఇంటికి తిరిగి రాలేదు. అత్యాచారం చేసి చంపేశారన్న ఆరోపణ మీద పోలీసులు అదుపులోకి తీసుకున్నది ముగ్గురు మైనర్ అబ్బాయిలను. పాప కోసం నీళ్ళలో రోజుల తరబడి గాలించారు. ఆ అబ్బాయిలు ఫోన్‌లో అశ్లీల వీడియోలు చూసేవారని వార్తలొచ్చాయి. ఈసారి చర్చంతా ఫోన్ చుట్టూ తిరిగింది.

ఒక ఊళ్ళో శిక్ష లేకపోవడమే కారణమన్నాం. మరో ఊళ్ళో ఫోన్ ఉండడమే కారణమన్నాం. రెండుసార్లూ దోషిని మన ఇంటికి దూరంగానే చూసుకున్నాం. పల్నాడు వాళ్ళకు ఈ అలవాటు తెలియనిది కాదు. పల్నాటి యుద్ధం నిందలో పెద్ద వాటా నాయకురాలు నాగమ్మ మీద వేసి, దాయాదుల రాజ్య తగాదానూ, కోడిపందెం మీద కాసిన పంతాలనూ, వీరుల అహంకారాన్నీ వెనక్కి నెట్టిన కథనాలు విని పెరిగినవాళ్ళం. పెద్ద ఘోరానికి ఒక్క దోషి దొరికితే మిగిలిన వాళ్ళందరికీ నిశ్చింత. ఆ నిశ్చింత మనకు వద్దు.

ఫోన్ రాకముందు

సెల్‌ఫోన్ లేని రోజుల్లో లైంగిక హింస తక్కువని అనుకునేవాళ్ళు చరిత్ర చూడాలి. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళ మీద పోలీసులే అత్యాచారం చేశారు. అడగడానికి వెళ్ళిన భర్త పోలీసు దెబ్బలకు ప్రాణం పోగొట్టుకున్నాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా ఆమె నడవడిక మీద బురద చల్లారు. కేసు కర్ణాటకకు బదిలీ అయింది, నిందితులు బయటపడ్డారు. ఆ ఘోరం వెనక ఏ వీడియో లేదు. అధికారం ఉంది, ఆమె పేదదన్న ధీమా ఉంది, ఆమె మాట ఎవరూ నమ్మరన్న భరోసా ఉంది.

ఇంకో నిజం జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటేటా చెబుతోంది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, పనిచేసే చోట పెద్ద, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాడు. మిరప కోతలకు తెల్లవారకముందే ఆటోలో కిక్కిరిసి వెళ్ళే కూలి ఆడవాళ్ళను అడగండి. ఎవరి చేను దగ్గర జాగ్రత్తగా ఉండాలో, ఏ మేస్త్రీ చూపు మంచిది కాదో వాళ్ళ అమ్మల కాలం నుంచి వాళ్ళకు తెలుసు.

అంకెలను కూడా తొందరపడి చదవకూడదు. దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 2012లో 24,923. మరుసటి ఏడాదికి అవి 33,707 అయ్యాయి. ఒక్క ఏడాదిలో మగవాళ్ళు అంతగా చెడిపోయారా? ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత చట్టంలో అత్యాచారానికి నిర్వచనం విస్తరించింది. అంతకాలం నోరు మూసుకున్నవాళ్ళు స్టేషన్ మెట్లెక్కారు. కేసుల సంఖ్య నేరంతోపాటు ధైర్యాన్ని కూడా కొలుస్తుంది. కాబట్టి చౌక డేటా వచ్చాక కేసులు పెరిగాయనో తగ్గాయనో చూపించి ఇటో అటో తీర్పు చెప్పేవాళ్ళను నమ్మకండి.

పరిశోధన చెప్పేది

అయితే ఫోన్‌కు ఏ పాపమూ అంటదా? అలా చెప్పడం కూడా అబద్ధమే.

ఈ వాదన అమెరికాలో అర్ధశతాబ్దంగా నడుస్తోంది. 1970లో అక్కడి అధ్యక్షుడి కమిషన్ అశ్లీల సాహిత్యం నేరానికి కారణమని చెప్పే ఆధారం దొరకలేదంది. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఆ నివేదికను తోసిపుచ్చారు. 1986లో మరో కమిషన్ హింసతో కూడిన అశ్లీల చిత్రాలకు, స్త్రీల మీద దౌర్జన్యానికి సంబంధం ఉందని తేల్చింది. డెన్మార్క్ 1969లో ఇలాంటి చిత్రాల మీద నిషేధం ఎత్తేసింది. అక్కడి నేరాలను పరిశీలించిన బెర్ల్ కుచిన్‌స్కీ అత్యాచారాలు పెరగలేదనీ, పిల్లల మీద కొన్ని రకాల నేరాలు తగ్గాయనీ చూపించారు. అదే కాలంలో ఆండ్రియా డ్వార్కిన్, కేథరిన్ మెకిన్నన్ వంటి స్త్రీవాదులు ఆ చిత్రాలే స్త్రీని మనిషి స్థాయి నుంచి దింపే ఆచరణ అన్నారు. వాళ్ళు రూపొందించిన ఇండియానాపొలిస్ చట్టాన్ని భావ స్వేచ్ఛ పేరిట కోర్టులు కొట్టేశాయి.

2016లో రైట్, టొకునాగా, క్రౌస్ అనే పరిశోధకులు ఏడు దేశాల్లో జరిగిన 22 అధ్యయనాలను కలిపి చూశారు. అశ్లీల చిత్రాలు ఎక్కువగా చూడడానికీ, లైంగిక దౌర్జన్యానికీ సంబంధం కనిపించింది. చేతల్లో కంటే మాటల దౌర్జన్యంలో అది బలంగా ఉంది. తర్వాత క్రిస్టఫర్ ఫెర్గూసన్, రిచర్డ్ హార్ట్‌లీ అలాంటి అధ్యయనాలనే మళ్ళీ తూచి, హింస లేని చిత్రాల విషయంలో ఆ సంబంధం నిలబడదన్నారు. వీళ్ళ మధ్య దారి చూపింది నీల్ మాలమూత్. ఆడవాళ్ళ మీద ముందే పగ, చులకన ఉన్న మగవాడిలో ఈ చిత్రాలు దౌర్జన్యాన్ని పెంచుతాయి, మిగిలినవాళ్ళలో అంతగా కనిపించదు అని ఆయన పరిశోధనల సారం. ఎండిన గడ్డివాము మీద పడ్డ నిప్పురవ్వ వామును కాలుస్తుంది, పచ్చిగడ్డి మీద పడితే ఆరిపోతుంది. రవ్వను పట్టించుకోవలసిందే. వాము ఎవరి దొడ్లో ఎండిందో కూడా అడగాలి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన పరిశోధన 2010లో వచ్చింది. అమ్మకాల్లో ముందున్న అశ్లీల వీడియోల నుంచి 304 దృశ్యాలు తీసుకుని ఆనా బ్రిడ్జెస్ బృందం ఒక్కొక్కటిగా పరిశీలించింది. 88 శాతం దృశ్యాల్లో కొట్టడం, గొంతు నొక్కడం వంటి దౌర్జన్యం ఉంది. దెబ్బ తిన్నది దాదాపు ప్రతిసారీ స్త్రీయే. ఆమె నొప్పి చూపదు. ఆనందిస్తున్నట్టో, ఏమీ పట్టనట్టో ఉంటుంది. ఒక్కసారి ఆలోచించండి. పన్నెండేళ్ళ అబ్బాయి స్త్రీ పురుష సంబంధం గురించి చూసే మొదటి పాఠం ఇది. అందులో ఎవరూ ఎవరినీ ఇష్టమా అని అడగరు. వద్దు అన్న మాటకు విలువ ఉండదు. నేరం చేసినా చేయకపోయినా, ఆ అబ్బాయి రేపు పెళ్ళి చేసుకునేది మనింటి పిల్లనే.

మన సినిమాలు కూడా ఈ పాఠాన్ని చాలాకాలంగా చెబుతున్నాయి. వద్దన్న అమ్మాయి వెంటపడి, దారి కాచి, చివరికి ఒప్పించినవాడే కథానాయకుడు. కుటుంబ సమేతంగా చూసి చప్పట్లు కొట్టాం. ఒంటి మీద బట్టలున్నాయి కనుక అది అశ్లీలం అనిపించలేదు.

నిషేధం ఎంత దూరం వెళ్ళింది

ఇక్కడే మన కొలతలోని లోపం బయటపడుతుంది. అశ్లీలాన్ని మనం ఎప్పుడూ బట్టతోనే కొలిచాం.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రాసింది. స్త్రీ కోరికను స్త్రీయే పలికిన కావ్యం. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని వావిళ్ళ వారి ద్వారా పూర్తిపాఠంతో అచ్చువేయిస్తే మరుసటి ఏడాది ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. స్త్రీ విద్య కోసం అంత పోరాడిన వీరేశలింగం గారికే ఆ కావ్యం సహించలేదు. ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ నిషేధం తొలగలేదు.  బట్టను కొలతగా పెట్టుకుంటే నిషేధం చివరికి ఆడదాని నోటి మీద పడుతుందని ఈ కథ చెబుతోంది. ‘మాలపల్లి’లో బూతు లేదు, అయినా నిషేధం తప్పలేదు. నిషేధించే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ భయాలే దాన్ని నడిపిస్తాయి.

మన కాలంలో ఏమైంది? నిర్భయ ఘటన తర్వాత 2013లో ఇండోర్ న్యాయవాది కమలేష్ వాస్వానీ అశ్లీల సైట్లన్నీ మూసేయాలని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వయోజనుడు తన గదిలో ఏం చూస్తాడో ఎలా ఆపగలమని 2015 జూలైలో కోర్టు ప్రశ్నించింది. ఆ నెలాఖరుకే కేంద్రం 857 సైట్లను మూయమంది. దుమారం రేగింది. కొన్ని రోజుల్లోనే పిల్లల దృశ్యాలున్నవి తప్ప మిగిలినవి తెరుచుకోవచ్చంది. 2018లో డెహ్రాడూన్ దగ్గరి బడిలో ఒక బాలిక మీద అత్యాచారం జరిగింది. నిందితులైన విద్యార్థులు అశ్లీల వీడియోలు చూశారని తెలిసి ఉత్తరాఖండ్ హైకోర్టు మళ్ళీ నిషేధం కోరింది. ఈసారి 827 సైట్లు మూతపడ్డాయి. కొత్త పేర్లతో మళ్ళీ పుట్టుకొచ్చాయి. మూసిన సైట్లను దొడ్డిదారిన తెరిచే వీపీఎన్ అంటే ఏమిటో అప్పటిదాకా తెలియని పిల్లలకు కూడా తెలిసింది. ఆ రెండు నిషేధాలూ నాకు నేర్పింది ఇదే: తలుపు మూసినంత మాత్రాన పాఠం మారదు.

హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఉత్తరం

మరి దేన్ని ఆపాలి? ఆ దారి చూపింది మన తెలుగు నేల మీద లైంగిక దోపిడీ బాధితుల కోసం పనిచేసే ఒక సంస్థ. హైదరాబాద్ మెహబూబ్ కీ మెహందీలో 1996లో మొదలైన ప్రజ్వల అది. దాని వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్‌కు 2015 మొదట్లో వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియోలు అందాయి. సామూహిక అత్యాచారాన్ని చేస్తున్నవాళ్ళే చిత్రీకరించిన వీడియోలవి. వాళ్ళు కెమెరా చూసి నవ్వుతున్నారు. ఆమె బాధితుల ముఖాలు కనపడకుండా చేసి నేరస్థుల ముఖాలను లోకానికి చూపించారు. ఆమె కారు మీద రాళ్ళు పడ్డాయి. ఫిబ్రవరి 18న ఆమె భారత ప్రధాన న్యాయమూర్తికి రాసిన లేఖను సుప్రీంకోర్టు కేసుగా స్వీకరించింది. దర్యాప్తు సీబీఐకి వెళ్ళింది. పిల్లల మీద, స్త్రీల మీద జరిగే ఇలాంటి నేరాలపై ఫిర్యాదు చేయడానికి 2018 సెప్టెంబర్‌లో కేంద్రం ప్రారంభించిన సైబర్ నేరాల పోర్టల్ ఆ కేసు ఫలితమే.

ఆ లేఖ చర్చ మొత్తాన్ని తిప్పింది. దృశ్యం వల్ల నేరం జరుగుతుందా అని మనం వాదించుకుంటున్నాం. ఆ వీడియోల్లో దృశ్యమే నేరం. అది ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు వెళ్ళిన ప్రతిసారీ ఆ పిల్లకు మళ్ళీ జరుగుతోంది. దాన్ని పంపినవాడు ప్రేక్షకుడు కాడు, నేరంలో భాగస్వామి. తమిళనాడులోని పొల్లాచ్చిలో ఒక ముఠా ఇలాంటి వీడియోలను చూపి ఎందరో అమ్మాయిలను బెదిరించింది. 2019లో ఒక అమ్మాయి ధైర్యంగా ఫిర్యాదు చేయడంతో అది బయటపడింది. 2025 మే నెలలో కోయంబత్తూరు కోర్టు తొమ్మిది మందికీ జీవితాంతం జైలు విధించింది. నటి రష్మిక ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన డీప్‌ఫేక్ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడిది మన గుంటూరు జిల్లా. ఈ రోగం పక్క రాష్ట్రానిదనీ, పక్క ఊరిదనీ అనుకోవడానికి వీల్లేదు.

కాబట్టి నా వాదన ఇది. కొలత బట్ట కాకూడదు, ఇష్టం కావాలి. తెర మీద ఉన్న మనిషి ఇష్టపడి అక్కడ ఉందా? ఇష్టం చెప్పగల వయసు ఆమెకు ఉందా? దాన్ని లోకానికి చూపడానికి ఒప్పుకుందా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు ‘లేదు’ అయినా, ఆ దృశ్యం మీద స్వేచ్ఛ పేరుతో ఎవరికీ హక్కు లేదు. అక్కడ రాజీ అవసరం లేదు. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు పిల్లల విషయంలో ఈ గీత స్పష్టంగా గీసింది. అలాంటి దృశ్యాలను చూడడం, ఫోన్‌లో ఉంచుకోవడం కూడా పోక్సో చట్టం కింద నేరం కాగలదంది. ఐటీ చట్టం 67బి సెక్షన్ మొదటి నేరానికే అయిదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా చెబుతోంది. ఒకరి ఆంతరంగిక చిత్రాన్ని అనుమతి లేకుండా తీసినా, పంపినా 66ఇ సెక్షన్ ఉంది. అలాంటి చిత్రం మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే కంపెనీ కొన్ని గంటల్లోనే తొలగించాలని 2021 నాటి ఐటీ నియమాలు గడువు పెట్టాయి. ఈ మాట మన ఊళ్ళలో ఎంతమంది ఆడపిల్లలకు తెలుసు?

బడిలో చెప్పాల్సింది

ఇష్టం అన్నది చట్టం నేర్పదు. ఇల్లు, బడి నేర్పాలి. 2013లో జస్టిస్ వర్మ కమిటీ పిల్లలకు లైంగిక విద్య అందాలని చెప్పింది. పైన చెప్పిన 2024 తీర్పులోనూ సుప్రీంకోర్టు అదే మాట అంది. అంతకు ముందే, 2007 ప్రాంతంలో కౌమార విద్యా కార్యక్రమాన్ని పలు రాష్ట్రాలు సంస్కృతి పేరుతో పక్కన పెట్టాయి. మన బడుల్లో జీవశాస్త్రం పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు ఇంట్లో చదువుకోండి అని దాటవేసే మాస్టర్లను చూశాను. ఇంట్లో చదవడానికి పిల్లవాడికి దొరికేది అమ్మ కాదు, ఫోన్.

అడిగితే చెప్పే పెద్దలు లేని పిల్లవాడికి అశ్లీల వీడియో గురువవుతుంది. ఆ గురువు చెప్పేది అబద్ధమని పిల్లవాడికి చెప్పాలంటే ముందు మనం నోరు తెరవాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒంటి మీద ఎవరి చెయ్యి ఎక్కడ పడకూడదో ఆరేళ్ళ పిల్లకు చెప్పవచ్చు. వద్దు అన్నప్పుడు ఆగిపోవాలని పదేళ్ళ పిల్లవాడికి చెప్పవచ్చు. ఫోన్‌లో చూసేది డబ్బు కోసం తయారుచేసిన నటన అనీ, అందులో నొప్పి నొప్పిలా కనిపించదనీ పద్నాలుగేళ్ళ అబ్బాయికి చెప్పవచ్చు. చూశానని కొడుకు ఒప్పుకున్న రోజున చెంప పగలగొట్టే తండ్రి వాడితో ఇక ఏ మాటా మాట్లాడలేడు. కూర్చోబెట్టి మాట్లాడే తండ్రికి వాడు మళ్ళీ వచ్చి చెబుతాడు.

ఆడపిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని మగపిల్లవాడికి కొత్తది కొనిపెట్టడం జాగ్రత్త కాదు. అది బాధితురాలికే శిక్ష. వీడియో పెడతానని ఎవడో బెదిరిస్తే ఇంట్లో చెప్పుకోగల పిల్లకే బతుకు నిలబడుతుంది. చెబితే చదువు మాన్పిస్తారనీ, పెళ్ళి చేసేస్తారనీ భయపడే పిల్ల ఆ బెదిరింపుకు లొంగిపోతుంది. బెదిరించేవాడి బలమంతా మన పరువు భయంలోనే ఉంది.

నా విన్నపాలు

మీ ప్రాంతంలోని మహిళా పోలీసులను నెలకు ఒక్క పూటైనా బడికి పిలిపించి, ఫిర్యాదు ఎలా చేయాలో అబ్బాయిలకు, అమ్మాయిలకు కలిపి చెప్పించండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఇలాంటి దృశ్యాల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల కోసం 1098, ఆపదలో ఎవరికైనా 112 ఉన్నాయి. ఈ రెండు నంబర్లు ప్రతి తరగతి గోడ మీద ఉండాలి.

కళాశాల విద్యార్థులారా, మీ గ్రూపులోకి ఒక అమ్మాయి వీడియో వస్తే పంపకండి, పంపినవాణ్ణి అక్కడే నిలదీయండి, ఫిర్యాదు చేయండి. మీరు మౌనంగా ఉంటే వాడు దాన్ని మీ ఆమోదంగా తీసుకుంటాడు.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, ఈ పాఠం చెప్పడానికి సిగ్గుపడకండి. స్త్రీకి చదువు కావాలని, వితంతువుకు పెళ్ళి కావాలని చెప్పిన రోజుల్లో ఉన్నవ దంపతులకు ఎదురైన వెలి కంటే మీకు ఎదురయ్యే ఇబ్బంది చాలా చిన్నది. ఈ విద్యా సంవత్సరంలోనే మీ బడిలో, మీ ఇంట్లో ఈ మాట మొదలుపెట్టండి.